‘నొప్పిగా ఉంది సార్’

మొన్న దసరా సెలవులకి గోరంట్ల పోయినప్పుడు మా అక్క కూతురు కూడా బెంగళూరు నుంచి వచ్చింది. పన్నెండో తరగతి. సిబిఎస్ఈలో ఫిజికల్ ఎడ్యుకేషన్ ఒక సబ్జెక్టుగా తీసుకుంది. మా రోజుల్లో ఆటల పీరియడ్ అంటే ఒక బంతి ఇచ్చి గ్రౌండ్‌లోకి తోలేవాళ్లు. సిలబస్ వెనకబడితే ఆ పీరియడ్‌ని లెక్కల సార్ లాగేసుకునేవాడు. ఇప్పుడది 70 మార్కుల పరీక్ష, 30 మార్కుల ప్రాక్టికల్. తిండి ఒక యూనిట్, శిక్షణ ఒక యూనిట్, గాయాలు ఒక యూనిట్.

సాయంత్రం అరుగు మీద కూర్చుని పుస్తకం పైకి చదువుతోంది. పక్కనే మా అన్న చెట్ల నుంచి శెనక్కాయలు తెంపుతున్నాడు. ఎముక విరగడంలో ఎన్ని రకాలో చెప్తూ, పిల్లల ఎముక పచ్చికొమ్మలాగా ఒకవైపే చీలి వంగుతుందని చదివింది. అన్న తలెత్తి విన్నాడు. పచ్చికొమ్మ సంగతి ఆయనకి తెలుసు. తర్వాత ఆ పిల్ల తన మాటల్లో చెప్పుకుంటూ పోయింది: ఆటల్లో అయ్యే గాయాల్లో చాలావాటిని రాకుండా చూసుకోవచ్చు. ఒళ్లు వేడెక్కకుండా పరిగెత్తడం, సరిపడా తినకపోవడం, విశ్రాంతి లేకపోవడం, శిక్షణ ఒక్కసారిగా పెంచెయ్యడం, ఇవీ కారణాలు.

అన్న చేతిలో చెట్టు కింద పెట్టి అడిగాడు: “అట్లయితే నాది ఎవురి తప్పు పాపా?”

తను పెద్దమామ ఎగతాళి చేస్తున్నాడనుకుని నవ్వింది. ఆయన నవ్వలేదు. నేను మాట మార్చాను. కానీ ఆ ప్రశ్న నాతో పాటు హైదరాబాద్ బస్సెక్కింది. ఈ వ్యాసం దానికి జవాబు కోసం నేను పడిన తంటా.

*

అన్న నడిస్తే ఎడమకాలు కొంచెం ఈడుస్తాడు. 2002లో ఆయన పదో తరగతి, మా మండలంలోనే ఒక ఊరి హైస్కూల్లో. ఊరి పేరూ సార్ పేరూ ఇక్కడ అనవసరం. 800 మీటర్లు పరిగెత్తేవాడు. మండలంలో గెలిచాడు, జిల్లా పోటీలకి పోవాలి. తెల్లవారుజామున లేచి కదిరి రోడ్డు మీద ఒట్టికాళ్లతో పరుగు. కడుపులో చెంబెడు నీళ్లు. తిరిగొచ్చాక రాత్రి మిగిలిన సంగటి, మజ్జిగ. అది దేశమంతా వానలు ముఖం చాటేసిన ఏడాది. మామూలు ఏళ్లలోనే మా అనంతపురం వైపు పడేది 550 మిల్లీమీటర్లకి అటూ ఇటూ. ఆ ఏడాది శెనక్కాయ విత్తనం ఖర్చు కూడా రాలేదు. వండిన మధ్యాహ్న భోజనం మన రాష్ట్రంలో 2003 జనవరిలో మొదలైంది, అదీ మొదట చిన్న తరగతులకే. అంటే పోటీలకి తయారవుతున్న ఆ పదిహేనేళ్ల పిల్లాడికి మధ్యాహ్నం ఇంట్లో ఏముంటే అదే.

మోకాలి కింద, ముందువైపు ఎముకలో నొప్పి మొదలైంది. వారాల తరబడి ఉంది. పరుగు ఆగలేదు. ఒకరోజు పరుగు మధ్యలోనే ఎముక విరిగింది. కట్టె విరిగినట్టు చప్పుడు వినపడిందంటాడు. దగ్గర్లో ఒకాయన కట్టు కట్టాడు. అతికింది, కానీ వంకరగా అతికింది. అంతటితో పరుగూ అయిపోయింది, పోలీసు ఉద్యోగం అనే ఊహ కూడా అయిపోయింది.

మా అమ్మ ఒక్క మాటతో తేల్చేసింది: “వాని రాత.”

చదువుకున్నవాళ్లం ఈ మాటని చులకన చేస్తాం. నేనూ చేశాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ మాట మా ఇంటికి చాలా మేలు చేసింది. నాయన తిండి పెట్టలేకపోయినందుకు కుమిలిపోలేదు. అన్న ఎవరినీ తిట్టుకోలేదు. సార్ మా ఇంటికొచ్చి కాఫీ తాగి వెళ్లగలిగాడు. పేదింట్లో తలరాత అంటే మూఢనమ్మకం ఒక్కటే కాదు, ఒకరినొకరు తప్పుపట్టుకోకుండా బతకడానికి ఒక ఏర్పాటు కూడా.

సైన్సు వచ్చి ఆ ఏర్పాటుని కూల్చేసింది. గాయానికి కారణం ఉంటుందంటే, ఆ కారణం దగ్గర ఎవరో ఒకరు నిలబడి ఉంటారని అర్థం. రాతకి బాధ్యులు ఉండరు, కారణానికి ఉంటారు. పుస్తకంలో అది ఒక వాక్యం. ఇరవయ్యేళ్లు దాటాక ఆ వాక్యం వింటున్న మనిషికి అది పాత కట్టు విప్పడం.

*

మరి ఎవరు బాధ్యులు? పుస్తకం వైపు చూద్దాం. ఇలాంటి పాఠాల్లో వాక్యాలు ఎక్కువగా చదివేవాళ్లకి చెప్పినట్టే ఉంటాయి. సమతుల ఆహారం తీసుకోవాలి. తగినంత విశ్రాంతి తీసుకోవాలి. సరైన బూట్లు వేసుకోవాలి. ప్రతి వాక్యం చివరా ఆ ‘వాలి’ పిల్లల నెత్తినే పడుతుంది. కానీ ఆ జాబితాలో పిల్లల చేతిలో ఉన్నవెన్ని? తిండి ఇంటి చేతిలో ఉంది, ఇల్లు వాన చేతిలో ఉంది. గ్రౌండ్ బడిది, పోటీల తేదీ అధికారులది, బూట్లు అంగడివి.

కొంచెం లెక్క చూద్దాం. ప్రభుత్వ మధ్యాహ్న భోజనం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకి 700 కేలరీలు, 20 గ్రాముల ప్రోటీన్ ఇవ్వాలని కేంద్రం పెట్టిన కొలత. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో 13 నుంచి 15 ఏళ్ల పిల్లలకి రోజుకి సుమారు 45 గ్రాముల ప్రోటీన్ కావాలి. అది మామూలుగా ఆడుకునే పిల్లల సంగతి. గట్టిగా శిక్షణ తీసుకునే క్రీడాకారులకి శరీర బరువులో కిలోకి 1.2 నుంచి 2 గ్రాములు కావాలంటారు క్రీడా పోషణ నిపుణులు. యాభై కిలోల పిల్లాడికి 60 నుంచి 100 గ్రాములు. బడి ఇచ్చే 20 పోగా మిగిలింది ఇంట్లోంచి రావాలి. ఒక గుడ్డులో ఆరు గ్రాములు. వంద గ్రాముల శెనగ్గింజల్లో పాతిక గ్రాములు. శెనక్కాయ పండించే నేల మాది, ఊరిబిండి లేనిదే సంగటి ముద్ద దిగదు మాకు. అయినా కాయ మూటలు కట్టి మార్కెట్‌కి పోతుంది, ఇంట్లో మిగిలేది విత్తనానికి దాచింది పోగా కొంచెం.

ఎముకకి తిండితో పనేమిటి అనుకోవచ్చు. పరిగెత్తిన ప్రతిసారీ ఎముకలో కంటికి కనపడనంత చిన్న చీలికలు వస్తాయి. విశ్రాంతిలో, తిన్న తిండితో శరీరం వాటిని పూడ్చుకుని ఎముకని ఇంకా గట్టి చేసుకుంటుంది. శిక్షణ అంటే నిజానికి ఈ పూడ్చుకోవడమే. పూడే వేగం కన్నా చీలే వేగం ఎక్కువైతే ఒకరోజు విరుగుతుంది. తిండి ద్వారా వచ్చే శక్తిని ఆటే తినేస్తే శరీరం ఎముకల్నీ హార్మోన్లనీ వెనక్కి నెట్టేస్తుంది. మొదట దీన్ని ఆడపిల్లల్లో గమనించి, నెలసరి ఆగడం, ఎముకలు పలచబడడం, తిండి చాలకపోవడం మూడూ కలిపి ఒక సమస్యగా పేరు పెట్టారు. మా అక్క కూతురి పుస్తకంలో అది కూడా ఉంది. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు ఈ శక్తి లోటు మగవాళ్లలో కూడా ఉంటుందని, దెబ్బ ఎముకల దగ్గరే ఆగదని చెప్పారు.

దీన్ని ఎక్కువగా చదివింది ధనిక దేశాల క్రీడాకారుల్లో. వాళ్లు సన్నబడాలని తిండి తగ్గించుకుంటారు. మా అన్న తగ్గించుకోలేదు, లేదు అంతే. ఎముకకి ఆ తేడా తెలియదు. కానీ నీతికి తెలియాలి. తిండి మానేసినవాళ్లకి ‘తిను’ అని చెప్పడం వైద్యం. తిండి లేనివాళ్లకి ‘తిను’ అని చెప్పి మార్కులు వెయ్యడాన్ని ఏమంటారో నాకు తెలియదు.

*

ఇక్కడితో ఆపితే వ్యాసం సులువుగా అయిపోతుంది. పేదరికం తప్పు, కరువు తప్పు, ప్రభుత్వం తప్పు. కానీ అది కూడా ఒక రకం తలరాతే. అందరిదీ తప్పయితే ఎవరిదీ కాదు.

ఎందుకంటే డబ్బు అక్కర్లేని సంగతులు కూడా ఈ సైన్సులో ఉన్నాయి. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల ఫుట్‌బాల్ ఆడపిల్లలు 1892 మందిని క్లబ్బుల వారీగా రెండు గుంపులు చేసి, ఒక గుంపుతో ఆటకి ముందు ఇరవై నిమిషాల కసరత్తు చేయించారు. మెల్లగా పరుగు, ఒంటికాలి మీద నిలబడడం, గెంతి మెత్తగా దిగడం, అంతే. ఖరీదైన సామాను లేదు. ఒక సీజన్ చివర చూస్తే ఆ గుంపులో గాయాలు మొత్తం మీద మూడోవంతు దాకా, తీవ్రమైనవి సగం దాకా తగ్గాయి. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఇరవై నిమిషాలు, ఒక గ్రౌండ్, చెప్పే మనిషి. గోరంట్లలో ఇవి మూడూ ఉన్నాయి. అంటే పేదరికం కొన్నిటికే సాకు, అన్నిటికీ కాదు.

మా వైపు ఎముక విరిగితే పుత్తూరు కట్టు గుర్తొస్తుంది. రాయలసీమ దాటి ఎక్కడెక్కడి నుంచో ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని ఆ ఊరికి పోయి కట్టు కట్టించుకుంటారు. విరిగినదాన్ని అతికే విద్యకి మన దగ్గర ఇంత పేరుంది. విరగకుండా చూసే విద్యకి పేరే లేదు. ఆ లోటు డబ్బుది కాదు.

*

ఒక మిత్రుడికి ఇదంతా చెప్తే గట్టిగానే అడ్డం తిరిగాడు. “నువ్విప్పుడు హైదరాబాద్‌లో కూర్చుని విశ్రాంతి, పోషణ అంటావు. మీ అన్నకి ఆ పరుగు ఒక్కటే తలుపు. నొప్పి ఉందని ఆగితే తలుపు మూసుకుపోయేది. ఊసవానిపేట నుంచి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ దాకా పోయి 240 కిలోలు ఎత్తి పతకం తెచ్చిందంటే జాగ్రత్తలు చూసుకునే పోయిందా? తెగింపు లేనిదే పేదపిల్లలు పైకి రారు.”

ఈ మాటలో నిజం ఉంది. బెంగళూరు పిల్లకి ఫిజికల్ ఎడ్యుకేషన్ మార్కులు పెంచే సబ్జెక్టు. అన్నకి పరుగు బతుకు మార్చే పందెం. పందెం కాసే హక్కు పేదవాళ్లకి కూడా ఉండాలి. భద్రత పేరుతో వాళ్లని ఇంట్లో కూర్చోబెట్టడం కూడా అన్యాయమే. ఎంత చూసుకున్నా గాయాలు అవుతాయి కూడా. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి హర్డిల్స్‌లో జాతీయ రికార్డులు తిరగరాసింది. మంచి కోచ్‌లు, మంచి కేంద్రం ఉండి కూడా 2025లో మోకాలి లిగమెంట్ దెబ్బతిని ఆపరేషన్ అయింది.

కానీ తెగించడం వేరు, తెగించబడడం వేరు. ఏం పోతుందో తెలిసి, వద్దనే వీలుండి, అయినా పరిగెత్తితే అది పందెం. ఏం పోతుందో తెలియక, వద్దంటే జట్టులోంచి తీసేస్తారని పరిగెత్తితే అక్కడ పందెం కాసింది వేరేవాళ్లు, పణంగా పెట్టింది పిల్లాడి కాలు.

రెండోది, తలుపు ఒక్కటే ఎందుకుండాలి? అనంతపురంలోనే దానికి జవాబు ఉంది. 1969లో విన్సెంట్ ఫెర్రర్ వచ్చి పని మొదలుపెట్టిన గ్రామీణాభివృద్ధి సంస్థ, అందరూ ఆర్డీటీ అనేది, అక్కడ క్రీడాగ్రామం నడుపుతోంది. 2010లో రఫేల్ నాదల్ ఫౌండేషన్‌తో కలిసి టెన్నిస్ బడి పెట్టారు. టెన్నిస్‌తో పాటు ఇంగ్లిషు, కంప్యూటరు నేర్పిస్తారు, పిల్లల పోషణ, ఆరోగ్యం చూస్తారు. అందరూ నాదల్ కారని వాళ్లకి తెలుసు. ఆట పోయినా పిల్ల మిగలాలి అనేది ఆ ఏర్పాటులో ఉన్న నీతి. ఛాంపియన్లు రారా అంటే, అదే జిల్లా పల్లె నుంచి వచ్చిన బారెడ్డి అనూష 2023 జూలైలో బంగ్లాదేశ్ మీద భారత జట్టుకి ఆడింది. తిండి పెట్టి ఆడిస్తే తెగింపు తగ్గదు.

*

ఇంత ఆలోచించాక కూడా అన్న ప్రశ్నకి నా దగ్గర సూటి జవాబు లేదు. సంక్రాంతికి పోయినప్పుడు నేనే ఎత్తాను.

“సార్ మీద కోపం ఉందాన్నా?”

“కోపమెందుకు? ఆయప్ప జీతంలోంచే నాకు అరటిపండ్లు కొనిచ్చేవాడు. జిల్లాకి పోయేదానికి బస్సు చార్జీలు కూడా ఆయప్పే పెట్టుకుంటానన్యాడు. ఆయప్పకి యేం తెలుసు ఎముకల సంగతి?”

నిజమే. తెలియనిదానికి మనిషిని ఎంతవరకు తప్పుపడతాం? తెలిసిందనుకున్నది కూడా మారుతూనే ఉంటుంది. బెణికిన చోట ఐసు పెట్టమనే సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికన్ డాక్టర్ గేబ్ మిర్కిన్, 2014లో తనే, ఐసు మానడాన్ని ఆలస్యం చేయొచ్చని ఒప్పుకున్నాడు. ఇవాళ్టి పుస్తకంలో ఉన్నదాంట్లో ఎంత రేపటికి తప్పవుతుందో. తెలియకపోవడమే నేరమైతే డాక్టర్లూ కోచ్‌లూ అందరూ దోషులే.

కాసేపాగి అన్న అన్నాడు: “కానీ మూడుసార్లు చెప్పినా. నొప్పిగా ఉంది సార్ అని. మూడోసారి చెప్పినప్పుడు పిల్లోళ్లందరూ నవ్వినారు. ఆడపిల్ల మాదిరి ఏడుస్తాండావేందిరా అన్యాడు. నాలుగోసారి నేనే చెప్పలే.”

అప్పుడు నాకు తట్టింది, నేను ఇన్నాళ్లూ తప్పు చోట వెతుకుతున్నానని. సార్‌కి శరీరశాస్త్రం తెలియకపోవడం లోటే గానీ తప్పు కాదు. కావలసిన సమాచారం ఆయన ముందుకే వచ్చింది, మూడుసార్లు. ఎముక చీలుతోందని చెప్పడానికి ఎక్స్‌రే అక్కర్లేదు, ఆ ఎముక ఉన్నవాడే చెప్పాడు. వాడి మాటకి విలువ లేకపోయింది. పిల్లాడు కాబట్టి, పేదవాడు కాబట్టి, నొప్పి చెప్పుకోవడం మగతనం కాదు కాబట్టి. అది తెలియకపోవడం కాదు, వినకపోవడం. దానికి మాత్రం సాకు లేదు. అప్పుడూ లేదు.

వినడం మంచి మనసుకి సంబంధించిన సంగతి, సైన్సుది కాదు అనుకుంటారు. కానీ క్రీడాశాస్త్రంలో వాడే పనిముట్లలో ఒకటి ఉట్టి ప్రశ్నే. స్వీడన్ మనస్తత్వవేత్త గున్నార్ బోర్గ్ 6 నుంచి 20 దాకా ఒక కొలబద్ద చేశాడు. కసరత్తు చేస్తున్న మనిషిని ‘ఎంత కష్టంగా ఉంది?’ అని అడగాలి, వాళ్లు ఒక అంకె చెప్పాలి. ఇప్పటికీ ప్రపంచమంతా వాడతారు. ఎంత నొప్పిగా ఉందని అడిగి అంకె రాసుకునే పద్ధతి కూడా ఆస్పత్రుల్లో రోజూ వాడేదే. గుండె వేగం కొలిచే గడియారాలు వచ్చాక కూడా, మనిషి తన ఒంటి గురించి చెప్పే మాటని సైన్సు పక్కన పెట్టలేదు. మన బడి పెట్టేసింది.

అందుకే ఈ సబ్జెక్టు గోరంట్ల లాంటి చోట్ల బళ్లలోకి రావాలని నేను కోరుకుంటాను, కానీ ‘వాలి’ల జాబితాగా కాదు. పిల్లలు ఏం అడగొచ్చో నేర్పే పాఠంగా. ఈ నొప్పి మామూలుదా కాదా అని అడగొచ్చు. నాకు ఇవాళ తిండి లేదు, ఇవాళ పరిగెత్తను అనొచ్చు. ఆగితే నా చోటు పోతుందా అని అడిగి, పోదు అనే జవాబు వినొచ్చు. ఇంకొక్క నియమం: నొప్పి ఎంతో తేల్చే మనిషి, పతకం కావాల్సిన మనిషి, ఒకరే కాకూడదు. మా సార్ మంచివాడు. కానీ ఆ పతకం ఆయనకి కూడా కావాలి. ప్రేమ ఉన్నా ఆ కోరిక చెవులు మూసేస్తుంది. పక్క క్లాసు టీచరమ్మో, ఊరి ఏఎన్ఎమ్మో, గెలుపుతో సంబంధం లేనివాళ్లు ఒకరు ఆ మాట వినాలి. దీనికి జీవో అక్కర్లేదు, వాన అక్కర్లేదు.

ఇప్పుడు అన్న కొడుకు ఎనిమిదో తరగతి. కబడ్డీ ఆడతాడు. మొన్న ఫోన్‌లో మాట్లాడుతుంటే వెనక అన్న గొంతు వినపడింది. బడి నుంచి వచ్చిన కొడుకుని అడుగుతున్నాడు, యాడన్నా నొప్పిగా ఉందారా, అని. వాడు లేదు నాయనా అన్నాడు. అన్న మళ్లీ అడిగాడు.